అక్షయ తృతీయకు ముందు బంగారు తవ్వకాల హాని గురించి కాలనీలో చెబుతానంటే నవ్వారు

తార్నాక_వాసి
మా కాలనీ సంక్షేమ సంఘంలో ప్రతి నెలా రెండో ఆదివారం ఏదో ఒక విషయం మీద గంటసేపు మాట్లాడుకునే అలవాటు ఉంది. పోయిన నెల ఇంకుడు గుంతల గురించి మాట్లాడుకున్నాం. ఈ నెల అక్రమ బంగారు తవ్వకాల వల్ల నదులకూ, అడవులకూ, అక్కడి మనుషులకూ జరుగుతున్న హాని గురించి చెబుతానని నేను ముందుకు వచ్చాను. అక్షయ తృతీయ దగ్గర పడుతోంది కనుక సమయం కుదిరిందనుకున్నాను. మాట బయట పెట్టగానే ఒకాయన "హబ్సిగూడలో గని ఎక్కడ పడిందండీ?" అని అడిగారు, అందరూ నవ్వారు. కోశాధికారిగారైతే, పండగ ముందు ఆడవాళ్ళ మనసు కష్టపెట్టే కార్యక్రమానికి సంఘం డబ్బుతో టీ, బిస్కెట్లు ఇవ్వడం కుదరదని తేల్చేశారు.

పెరూ, బ్రెజిల్ అడవుల ఉపగ్రహ చిత్రాలతో ముప్ఫై స్లైడ్లు తయారు చేసుకున్నాను. చూసిన మా అబ్బాయి "బాగున్నాయి నాన్నా, కానీ ఇవి చూసి ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు. హైదరాబాదులో కూర్చుని ఈ విషయం మాట్లాడడంలో అర్థం ఉందా, ఉంటే ఎక్కడ మొదలు పెట్టాలి అన్నది నా ప్రశ్న.

మూసీ_ఒడ్డున
అర్థం లేదని నా అభిప్రాయం. పటాన్‌చెరు, జీడిమెట్ల పరిశ్రమల వ్యర్థాలతో నలభై ఏళ్ళుగా చెరువులు పాడవుతున్నాయి, మూసీ నురగ కక్కుతోంది. మన ముక్కు కింద కంపు వదిలేసి అమెజాన్ అడవుల గురించి బాధపడడం సులువు, ఎందుకంటే అక్కడి వాళ్ళెవరూ వచ్చి మనల్ని చందా అడగరు, మనతో తగాదా పడరు.

పాట్‌మార్కెట్_పద్దు
సికింద్రాబాదులో మూడు తరాలుగా నగల వ్యాపారం చేస్తున్న కుటుంబం మాది. ఈ విషయం మనది కాదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. మన దేశం ఏటా సుమారు 700 నుంచి 800 టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటుంది. సొంతంగా తవ్వి తీసేది అందులో ఒక శాతం కూడా ఉండదు. వచ్చేదంతా శుద్ధి అయిన కడ్డీల రూపంలోనే రాదు. డోరే అని పిలిచే, పూర్తిగా శుద్ధి కాని ముడి దిమ్మలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చి మన దేశంలోని శుద్ధి కర్మాగారాల్లో కరుగుతాయి. తార్నాక_వాసి గారి స్లైడ్లలో కనిపించే నది ఒడ్డుకూ, నా కొట్టు అద్దాల బల్లకూ మధ్య అయిదారు చేతులే ఉండవచ్చు. ఆ చేతుల లెక్క మా పద్దులో రాయడానికి వీలుండదు, అదే ఇబ్బంది.

సందేహాల_సుబ్బలక్ష్మి
తవ్వకాలంటే గొయ్యి తీయడమే కదా, అడవి పోతుందంటే అర్థమవుతుంది. విషం ఎక్కడి నుంచి వస్తుందో ఎవరైనా మామూలు మాటల్లో చెప్పగలరా? నేను సమావేశానికి వస్తే అడిగే మొదటి ప్రశ్న అదే.

రసాయనం_సారు
జూనియర్ కళాశాలలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న వాణ్ణి కనుక కాస్త పొడుగ్గా చెబితే సహించాలి.

నది ఇసుకలోనూ, పిండి చేసిన రాతిలోనూ బంగారం కంటికి ఆనని రేణువులుగా ఉంటుంది. దాన్ని ఏరడం కుదరదు. అందుకని అందులో పాదరసం పోసి కలుపుతారు. పాదరసం ఇసుకను పట్టించుకోదు, బంగారాన్ని మాత్రం పట్టుకుని వెండి రంగు ముద్దగా తయారవుతుంది. ఆ ముద్దను గుడ్డలో పిండి, మిగిలిన దాన్ని నిప్పుల మీదో, గ్యాస్ మంట మీదో కాలుస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బంగారం కరగడానికి వెయ్యి డిగ్రీలు దాటాలి. కాబట్టి పాదరసం ఆవిరైపోయి, బంగారం చిన్న చిన్న రంధ్రాలున్న పసుపు గడ్డలా అడుగున మిగులుతుంది. ఒక గ్రాము బంగారానికి ఒకటి రెండు గ్రాముల పాదరసం ఖర్చవుతుంది. తవ్విన ఖనిజం మొత్తంలో పాదరసం గుమ్మరించే చోట్ల ఇంకా ఎన్నో రెట్లు పోతుంది.

ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినదానిలో అయిదింట నాలుగు వంతులు ఊపిరితిత్తుల గుండా రక్తంలో కలుస్తుంది. చేతులు వణుకుతాయి, జ్ఞాపకం సన్నగిల్లుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గాలిలోకి పోయినది వానతో దిగి నదిలో చేరుతుంది, కడిగిన నీటితో నేరుగా చేరేది వేరే. నది అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దాన్ని నాచు పీల్చుకుంటుంది, నాచును పురుగు తింటుంది, పురుగును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప, చివరకు పెద్ద చేపను మనిషి. ఒక్కో మెట్టుకూ విషం చిక్కబడుతూ పోతుంది. గర్భిణి తింటే మాయను దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. జపాన్‌లోని మినమాత పట్టణంలో 1956లో బయటపడిన వ్యాధి ఇదే. అక్కడ బంగారం కాదు, ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన వ్యర్థం కారణం. కానీ చేప నుంచి మనిషికి వచ్చిన దారి ఇదే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాలిలో కలిసిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో 38 శాతం దాకా చిన్న తరహా బంగారు తవ్వకాలదే. బొగ్గు విద్యుత్తు కేంద్రాలన్నీ కలిసినా దీని తర్వాతే.

సందేహాల_సుబ్బలక్ష్మి
చిన్నప్పుడు థర్మామీటరు పగిలితే ఆ గుండ్లను అరచేతిలో దొర్లించి ఆడుకున్న తరం మాది. ఇప్పుడు మీరు ఇది చెప్పి నా నిద్ర చెడగొట్టారు.

రసాయనం_సారు
అరచేతిలో దొర్లించినది చర్మం గుండా పెద్దగా లోపలికి పోదు, మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. దాని ఆవిరే అసలు శత్రువు. మామూలు గది వేడికి కూడా కొంత ఆవిరవుతుంది, మంట మీద పెడితే మరీ ఎక్కువ. అందుకే తార్నాక_వాసి గారికి ఒక మనవి: ప్రదర్శన పేరుతో సమావేశానికి పాదరసం సీసా మాత్రం తేకండి. ఉత్సాహం ఉన్న పిల్లవాడు ఒక్కడు చాలు.

బోరబండ_బోరుబండి
నేను బోరు యంత్రం నడిపే పని మీద ఘనా దేశంలో నాలుగేళ్ళు ఉండి వచ్చాను. నాకు లెక్కలు రావు, చూసినది చెబుతాను.

అక్కడ ఈ తవ్వకాలను 'గలమ్సే' అంటారు. 'పోగు చేసి అమ్ముకో' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు నలిగి ఆ పేరయిందని అక్కడి వాళ్ళే చెప్పారు. ప్రా నది పక్కన మొదటిసారి ఆగినప్పుడు అది నది అని నేను గుర్తు పట్టలేదు. మన ఇరానీ హోటల్లో పాలు ఎక్కువైన చాయ్ ఏ రంగులో ఉంటుందో ఆ రంగులో, అంత చిక్కగా కదులుతోంది. ఒడ్డు పొడవునా ఎక్స్‌కవేటర్లు కోకో తోటలను పెళ్ళగించి వదిలేసిన గోతులు ఉన్నాయి. వానకు నిండిన గోతుల్లో పిల్లలు పడిపోతారని ఊళ్ళో వాళ్ళు భయపడుతూ ఉంటారు. 2024లో కేప్ కోస్ట్ పట్టణానికి నీరిచ్చే శుద్ధి కేంద్రం దగ్గర నీటి మురికి 14,000 యూనిట్లు చూపించిందని అక్కడి నీటి సంస్థే ప్రకటించింది. ఆ కేంద్రం కట్టింది 2,000 యూనిట్ల దాకా ఉన్న నీటిని శుద్ధి చేయడానికి. పట్టణానికి నీళ్ళు తగ్గించక తప్పలేదు.

ఇంకో మాట చెప్పాలి, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. నది తాగడానికి పనికిరాకుండా పోతే ఊళ్ళకు బోర్లు కావాలి. మా కంపెనీకి పని దొరికింది అందువల్లే. నేను ఇంటికి పంపిన డబ్బుతో మా చెల్లెలి పెళ్ళికి నాలుగు తులాలు కొన్నాం.

కోఠి_కుర్రాడు
పాలు ఎక్కువైన చాయ్ అని చెప్పి ఇరానీ హోటళ్ళ పరువు తీశారు. ఇక నుంచి నీలోఫర్ దగ్గర కప్పు పట్టుకున్నప్పుడల్లా ప్రా నది గుర్తుకు వస్తుంది.

కృష్ణాతీరం
నాలుగు తులాలంటే అయిదు కాసులు. మా వైపు వాళ్ళకు కూడా అర్థం కావాలని చెబుతున్నాను.

పాట్‌మార్కెట్_పద్దు
తులం పది గ్రాములు, కాసు ఎనిమిది గ్రాములు కనుక మీ లెక్క సరిగ్గా సరిపోయింది. పాత తులమైతే పదకొండు గ్రాములు దాటేది, అప్పుడు మీకు లెక్క కుదిరేది కాదు.

రసాయనం_సారు
ఆ నాలుగు తులాలనే ఉదాహరణగా తీసుకుందాం. చాలా గనుల్లో టన్ను రాతికి రెండు నుంచి అయిదు గ్రాముల బంగారం దొరుకుతుంది. 40 గ్రాములకు కనీసం ఎనిమిది టన్నులు, ఎక్కువైతే ఇరవై టన్నుల రాయి పిండి కావాలి. ఇరవై టన్నులంటే రెండు లారీల లోడు. బంగారం పెట్టెలో పెట్టుకుని వచ్చాం, ఆ రెండు లారీల బురద అక్కడే ఉండిపోయింది.

నల్లకుంట_నర్సు
పిల్లల వార్డులో పని చేస్తాను. పాదరసం గురించి సారు చెప్పారు, నేను సీసం గురించి చెబుతాను. నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో 2010లో జరిగిన సంగతి ఇది. అక్కడి ఊళ్ళలో జనం బంగారపు రాతిని ఇళ్ళకు తెచ్చుకుని, పిండి మరల్లో ఆడించి, పెరట్లో కడిగేవారు. ఆ రాతిలో బంగారంతో పాటు సీసం విపరీతంగా ఉంది. దుమ్ము నేల మీద, గిన్నెల మీద, పాకే పిల్లల చేతుల మీద పేరుకుంది. ఫిట్స్ వచ్చి పిల్లలు వరసగా చనిపోతుంటే మొదట మలేరియా అనుకున్నారు. రక్తపరీక్షల్లో సీసం బయటపడేసరికి ఆలస్యమైంది. 400 మందికి పైగా పిల్లలు పోయారు.

ఆ తల్లిదండ్రులు చేసినది నేరమో కాదో నాకు తెలియదు. అయితే తిండిగింజలు ఆడించిన మరలోనే ఆ రాయి కూడా ఆడించారన్న విషయం చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

కోఠి_కుర్రాడు
ఇక్కడే నాకు అభ్యంతరం ఉంది. 'అక్రమ తవ్వకాలు' అన్న మాటే పోలీసు భాష. ప్రపంచంలో కోటి మందికి పైగా ఈ పని మీద బతుకుతున్నారు. వాళ్ళలో అత్యధికులు వేరే దారి లేక గునపం పట్టినవాళ్ళు. పెరూలో 2019లో లా పంపా అనే చోటికి సైన్యాన్నీ, పోలీసులనూ పెద్ద ఎత్తున పంపి తవ్వేవాళ్ళను తరిమేశారు. తరిమినవాళ్ళు గాలిలో కలిసిపోరు కదా, ఇంకో ఏటి ఒడ్డుకు పోతారు. తార్నాక_వాసి గారి స్లైడ్లు చూసి మన కాలనీ వాళ్ళు "ఛీ, ఆ దొంగలు" అనుకుని ఇంటికి వెళ్తే, ఎనభై వేలు పెట్టి కొన్న గొలుసు మెడలో అలాగే ఉంటుంది, తప్పు మాత్రం గోతిలో ఉన్నవాడి మీదకు పోతుంది.

బోరబండ_బోరుబండి
మీరన్నది సగం నిజం. గునపం పట్టినవాడు పేదవాడే, నేను వాళ్ళతో కలిసి తిన్నాను. కానీ ఎక్స్‌కవేటరు పేదవాడిది కాదు. రోజంతా డీజిలు తాగే యంత్రాన్ని అడవిలోకి తెచ్చినవాడికి డబ్బుంది, వెనక పెద్దమనుషులున్నారు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే గోతిలో దొరికేది కూలివాడే, యంత్రం యజమాని ఎప్పుడూ ఊళ్ళో ఉండడు.

రసాయనం_సారు
పాదరసం మీద ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందం పేరు కూడా మినమాతే. 2013లో కుదిరి, 2017 ఆగస్టులో అమలులోకి వచ్చింది. మన దేశం 2018లో ఆమోదించింది. కుర్రాడు గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ ఒప్పందం చిన్న తవ్వకాలను మొత్తంగా నేరమనలేదు. ఖనిజం మొత్తంలో పాదరసం పోయడం, ముద్దను బహిరంగంగా కాల్చడం, ఇళ్ళ మధ్య కాల్చడం, పాదరసం కలిసిన మట్టిని మళ్ళీ బంగారాన్ని కరిగించే సైనైడుతో కడగడం, ఈ నాలుగింటినీ ముందు మాన్పించమంది. ఆవిరిని పట్టి చల్లబరిచి తిరిగి పాదరసంగా మార్చే మూత పాత్రలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. పాదరసం లేకుండా వెలిగారంతో బంగారం తీసే పద్ధతి ఫిలిప్పీన్స్ చిన్న గనుల్లో వాడుకలో ఉంది. మన కంసాలుల కొట్టులో కనిపించే వెలిగారమే అది.

మారికుప్పం_రైలు
చట్టబద్ధమైన గని అంటే శుభ్రమైన గని అని ఎవరైనా అనుకుంటే వాళ్ళను కోలారుకు తీసుకెళ్తాను. మా తాతగారు చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి అక్కడ గనిలో పని చేశారు. మూడు కిలోమీటర్ల లోతు దాటిన గని అది. 120 ఏళ్ళు తవ్వి, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. బంగారం వెళ్ళిపోయింది, మూడు కోట్ల టన్నులకు పైగా పిండిరాయి దిబ్బలుగా మిగిలింది. ఊళ్ళో వాళ్ళు వాటిని సైనైడ్ దిబ్బలనే అంటారు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు అట్టముక్క మీద కూర్చుని వాటి మీద నుంచి జారేవాళ్ళం. గాలి లేస్తే ఆ బూడిద రంగు పొడి ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని కుండల్లో, మా అమ్మమ్మ దగ్గులో కనిపించేది. అది అక్రమ గని కాదు, మూసేసే నాటికి దాన్ని ప్రభుత్వమే నడుపుతోంది.

నిజాం_పద్దుల_పురుగు
హైదరాబాదుకూ బంగారు గనులకూ సంబంధం లేదన్న ఆయనకు ఒక చిన్న సమాచారం. రాయచూరు జిల్లాలోని హట్టి గని ఇప్పటికీ నడుస్తోంది, మన దేశంలో తీసే బంగారంలో చాలా భాగం అక్కడిదే. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1947లో ఆ గని కోసం పెట్టిన కంపెనీ పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్. అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనం 1915లో బయటపడింది కూడా ఆ ప్రాంతంలో బంగారం వెతుకుతున్న ఒక ఇంజినీరు కంటికే. హబ్సిగూడలో గని లేకపోవచ్చు, కానీ ఒకప్పుడు గనికి హైదరాబాదు పేరుండేది.

మూసీ_ఒడ్డున
చరిత్ర బాగుంది కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. కోలారు కర్ణాటకలో ఉంది, ప్రా నది ఘనాలో ఉంది. తార్నాకలో కూర్చున్నవాళ్ళు రేపు ఉదయం లేచి ఏం చేయాలి? చేయడానికి ఏమీ లేని విషయం మీద అవగాహన కల్పిస్తే జనానికి మిగిలేది దిగులే.

గుల్జార్‌హౌజ్_మనవడు
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, మూసీ_ఒడ్డున గారి మాటతో రాయాలనిపించింది.

మాది అవుసలి కుటుంబం. మా నాన్న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక సందులో రాగి, వెండి సామాను మీద బంగారు మలామా చేసేవారు. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, దాన్ని లోహం మీద రుద్ది, కుంపటి మీద కాలిస్తే పాదరసం పోయి పసుపు పూత నిలుస్తుంది. రసాయనం_సారు చెప్పిన నది ఒడ్డు పనే ఇది, నదికి బదులు మా ఇంటి ముందు గది. మేము ఆ గదిలోనే పడుకునేవాళ్ళం. యాభై దాటకముందే నాన్న చేతులు వణకడం మొదలైంది. కమ్మెచ్చులో తీగ లాగలేక, పట్టకారు జారిపోతుంటే కోపంతో దాన్ని గోడకేసి కొట్టేవారు. అంతకుముందు ఆయన గొంతు పెంచి మాట్లాడడం మేమెరుగం. డాక్టరు నరాల బలహీనత అన్నారు, మేమూ అదే అనుకున్నాం. ఆ కోపం కూడా పాదరసం లక్షణాల్లో ఉందని ఆయన పోయిన చాలా ఏళ్ళకు చదివాను. ఆయనకు వచ్చింది అదేనని రుజువు చేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు పాదరసం మలామా దాదాపు పోయింది, విద్యుత్తుతో పూత వేస్తున్నారు. కానీ తేజాబ్, అంటే నైట్రిక్ ఆమ్లం, పోలేదు. పాత బంగారాన్ని శుద్ధి చేయాలంటే మూడు వంతుల వెండో, రాగో కలిపి కరిగించి, తేజాబ్‌లో మరిగిస్తారు. కలిపినదీ, నగలో ముందే ఉన్న మలినమూ కరిగిపోయి బంగారం అడుగున మిగులుతుంది. అప్పుడు లేచే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. పెద్ద కర్మాగారాల్లో ఆ పొగను పట్టి కడిగే యంత్రాలుంటాయి. మా సందులో ఉన్నది ఒక కిటికీ. ఆ పని చేసేవాళ్ళలో బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, పని చేసిన గదిలోనే నిద్ర. మిగిలిన తేజాబ్ నీళ్ళు మోరీలో పోస్తారు. పొద్దున్నే వచ్చి కొట్ల ముందు దుమ్ము ఊడ్చి, మోరీ మట్టి ఎత్తి, కడిగి బంగారం తీసుకునేవాళ్ళు ఇంకో వరస. ఘనా గోతికీ మా మోరీకీ తేడా కొలతలోనే ఉంది.

నల్లకుంట_నర్సు
మనవడు గారూ, నాన్నగారి సంగతి చదివి మనసు బరువెక్కింది. ఆ కుర్రాళ్ళలో ఎవరికైనా ఆగని దగ్గు, చేతుల వణుకు కనిపిస్తే, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చేసే పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పమనండి. మేము జ్వరం ఎన్ని రోజులని అడుగుతాం, ఏం పని చేస్తావని అడగడం తరచుగా మరచిపోతాం.

మూసీ_ఒడ్డున
ఆ సందుల మురుగు చేరేది మూసీకే. మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగమే, పూర్తిగా కాదు.

జొన్నగిరి_చినుకు
మా కర్నూలు వైపు తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం గుడారాలు వేసుకుని దిగుతారు. అదీ ఇలాంటిదేనా అని మా ఆవిడ అడుగుతోంది.

రసాయనం_సారు
కాదు. వాన కడిగి పైకి తేల్చిన రాయిని కంటితో వెతికి ఏరుకోవడంలో రసాయనం లేదు, నది తవ్వడం లేదు. చేను తొక్కినందుకు రైతు తిట్టవచ్చు, అది వేరే సంగతి.

సందేహాల_సుబ్బలక్ష్మి
అయితే ఏం చేయమంటారు, బంగారం మానేయమంటారా? మా ఇంట్లో ఆ మాటంటే నన్నే మానేస్తారు. హాల్‌మార్క్ చూసి కొంటే సరిపోతుందా?

పాట్‌మార్కెట్_పద్దు
హాల్‌మార్క్ మీద చాలామందికి ఉన్న పొరపాటు ఇదే. 2023 ఏప్రిల్ 1 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, ఆరు అక్షరాల, అంకెల గుర్తు లేని కొత్త నగ అమ్మకూడదు. ఆ గుర్తును ప్రభుత్వ యాప్‌లో కొడితే నగ ఎంత స్వచ్ఛమో, ఏ కేంద్రంలో పరీక్షించారో తెలుస్తుంది. ఏ నది నుంచి వచ్చిందో తెలియదు. 916 అన్న అంకె నాణ్యత గురించి చెబుతుంది, పుట్టుక గురించి చెప్పదు. ఒకసారి మూసలో కరిగిన తర్వాత ఏ గనిదైనా ఒకే రంగు. దొంగతనంగా వచ్చేదానికైతే ఆ మాత్రం కాగితం కూడా ఉండదు. శంషాబాదులో ముద్ద రూపంలో పట్టుబడే బంగారం వార్తలు మీరు చదువుతూనే ఉన్నారు.

వ్యాపారిగా నా మాట ఇది, మా సంఘంలో వినబడితే నాకు చీవాట్లు తప్పవు. మన ఇళ్ళలో ఉన్న బంగారం 25,000 టన్నుల దాకా ఉంటుందని ప్రపంచ స్వర్ణ మండలి అంచనా. ఆ లెక్కన ముప్ఫై ఏళ్ళ దిగుమతి మన బీరువాల్లోనే ఉంది. పెళ్ళికి పాత నగ మార్చి కొత్తది చేయించుకుంటే కొత్త గొయ్యి అక్కరలేదు.

గుల్జార్‌హౌజ్_మనవడు
పాతది మార్చడం మంచిదే, కానీ ఆ పాత నగ కరిగేది ఎక్కడో కూడా అడగండి. పొగ పట్టే ఏర్పాటు ఉన్న చోట కరిగితే ఒక సంగతి, కిటికీ ఒక్కటే ఉన్న గదిలో కరిగితే ఇంకో సంగతి. అడిగేవాడు లేడు కనుకనే ఇన్నాళ్ళూ కిటికీతో సరిపెట్టారు.

కోఠి_కుర్రాడు
అది బాగుంది. బంగారపు కత్తి అని మెడ కోసుకుంటామా అంటారు, మనం మాత్రం ఇంకొకరి మెడ కనుక ఊరుకుంటున్నాం. తార్నాక_వాసి గారూ, స్లైడ్లు పక్కన పెట్టండి. ఎనిమిది టన్నుల రాయి లెక్క, తేటదీ మురికిదీ రెండు సీసాల నీళ్ళు, మనవడు గారి నాన్నగారి పట్టకారు, ఈ మూడూ చాలు.

తార్నాక_వాసి
ముప్ఫై స్లైడ్లలో ఇరవై ఆరు తీసేశాను. మనవడు గారు ఒప్పుకుంటే వారి నాన్నగారి సంగతి పేరు లేకుండా చెబుతాను. మా గేటు దగ్గర పునాది కోసం తవ్విన ఎర్రమట్టి ఉంది. ఒక గాజు సీసాలో మంజీరా నీళ్ళు, ఇంకో దానిలో అవే నీళ్ళలో ఆ మట్టి కలిపి బల్ల మీద పెడతాను. టీ ఖర్చు నాది.

గుల్జార్‌హౌజ్_మనవడు
చెప్పండి. పట్టకారు నా దగ్గరే ఉంది, కావాలంటే నేనే తీసుకుని వస్తాను.

బోరబండ_బోరుబండి
ఆ మట్టి సీసాను ఒక రాత్రి కదపకుండా ఉంచితే మట్టి అడుగున దిగి పైన తేట కనిపిస్తుంది. అప్పుడు జనం 'ఇంతేనా' అనుకుంటారు. అందుకని చెప్పే ముందు బాగా కుదపండి. అక్కడి నదిని రోజూ కుదుపుతూనే ఉన్నారు.

తార్నాక_వాసి
ఆదివారం సమావేశం అయింది. ఇరవై మంది వస్తారనుకుంటే నలభై ఒక్క మంది వచ్చారు, అందులో సగం మంది మనవడు గారు వస్తున్నారని తెలిసి వచ్చినవాళ్ళే. ఆయన పట్టకారును బల్ల మీద పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడారు. గని ఎక్కడ పడిందని అడిగినాయన మొదటి వరసలో కూర్చుని, చివర్లో మట్టి సీసా ఇంటికి తీసుకెళ్తానన్నారు, మనవడికి చూపిస్తారట. కోశాధికారిగారు టీ డబ్బులు తిరిగి ఇచ్చేశారు, బిస్కెట్లవి మాత్రం ఇవ్వలేదు.

నిన్న మా అత్తగారితో కలిసి ఒక నగల దుకాణానికి వెళ్ళాం. మేనకోడలి పెళ్ళికి ఆవిడ పాత చంద్రహారం మార్చాలని నిర్ణయించుకున్నారు. అక్కడ ఒక కొత్త గొలుసు చేతిలోకి తీసుకుని, బల్ల వెనక ఉన్న అబ్బాయిని "ఈ బంగారం ఏ ఊరిది నాయనా?" అని అడిగారు. ఆ అబ్బాయి గర్వంగా "దుబాయ్‌ది అమ్మా" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని "దుబాయ్‌లో గని ఎక్కడుంది?" అన్నారు. అతను ఒక క్షణం ఆగి, మేనేజరు గారిని పిలుస్తానని లోపలికి వెళ్ళాడు. మేనేజరు వచ్చేలోపు మాకు రెండుసార్లు కూల్‌డ్రింకులు వచ్చాయి.